రైట్ రైట్... హోల్డాన్

ముప్పై ఒక్కేళ్లు ఆర్టీసీ బస్సు తోలిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి కారు నడిపి చూడండి. అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తుండగా ఉప్మా చేసినట్టుంటుంది. "మలుపులో కాదు మే, మలుపుకు ముందే తగ్గించల్ల." "అద్దంలో చూసినావా? మళ్లీ చూడు." ఆరేళ్లుగా తిరుపతి రోడ్ల మీద నేను రోజూ రాస్తున్న పరీక్ష ఇది. ఈ మార్చి మొదట్లో ఆ పరీక్షే ఫ్రాన్సులో, మధ్యధరా సముద్రం ఒడ్డున, రోడ్డుకు కుడి పక్కన నడుపుతూ రాయాల్సి వచ్చింది.

మా అమ్మాయి అక్కడ ఆంటిబ్ అనే ఊళ్లో ఉంటుంది. దాని పక్కనే సోఫియా ఆంటిపోలిస్ అని పెద్ద టెక్నాలజీ పార్కు ఉంది. 1969లో పైన్ చెట్ల అడవిలో మొదలుపెట్టారట, ఇప్పటికీ ఆఫీసుల మధ్య చెట్లే ఎక్కువ కనపడతాయి. అమ్మాయి ఆఫీసులోనే నలుగురు తెలుగువాళ్లున్నారు. మేం వెళ్లిన వారంలోనే దానికి ఏదో ప్రాజెక్టు గడువు వచ్చిపడింది. "మీరిద్దరూ ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు? నా కారు తీసుకుని మూడు రోజులు అట్లా తిరిగి రండి. అమ్మ నడుపుతుంది కదా" అంది. నా లైసెన్సుకు ఇంటర్నేషనల్ పర్మిట్టు తిరుపతిలోనే తీసిపెట్టమని ముందుగానే చెప్పింది. ఇన్సూరెన్సులో నా పేరు కూడా చేర్పించింది. అంటే ఇది ఎప్పుడో వేసిన ప్లానే అన్నమాట.

అమ్మ నడుపుతుంది. ఈ మాట వెనక ఒక కథ ఉంది, పాత పాఠకులకు కొంత తెలుసు. మా ఆయన రిటైరైన మరుసటి ఏడాది ఇంటి గేటు స్తంభానికి ఎడమ పక్క కారు గీసుకుంది. నెల తిరక్కుండా మళ్లీ అదే పక్క, అదే స్తంభం. ఎప్పుడూ దేనికీ తగిలించని మనిషి. ప్రమాదం లేకుండా బస్సు నడిపినందుకు ఇచ్చిన సర్టిఫికెట్లు మా హాల్లో గోడకు ఇప్పటికీ ఉన్నాయి. శుక్లాలేమో అనుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, గ్లకోమా అన్నారు. మా అమ్మమ్మ వాళ్లు నీటి కాసులు అనేవాళ్లు. కంట్లో ఒత్తిడి పెరిగి కంటి నరం కొంచెం కొంచెంగా దెబ్బతింటుంది. నొప్పి ఉండదు. ముందు పక్క చూపు పోతుంది, నేరుగా చూసే చూపు చివరిదాకా బాగానే ఉంటుంది. అందుకే అక్షరాల బోర్డు గడగడా చదివేసే మనిషికి కూడా ఈ జబ్బు ఉండొచ్చు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడానికి చుక్కల మందు వేసుకోవాలి, అది కూడా జీవితాంతం.

ఆ రోజు ఇంటికొచ్చి కారు తాళాలు నా చేతిలో పెట్టారు. "నేర్చుకో" అన్నారు, అంతే. యాభై అయిదేళ్ల వయసులో, యూనివర్సిటీ గ్రౌండులో, ఆయన శిక్షణలో నేర్చుకున్నాను. టీచరుగా ఎంతమంది పిల్లల్ని ఏడిపించానో అంత నేను ఏడ్చాను.

సరే, కథకొస్తాను. ఆంటిబ్ నుంచి నీస్ దాకా సముద్రం ఆనుకునే రోడ్డు, పాతిక కిలోమీటర్లకు కొంచెం తక్కువ. అక్కడ స్టీరింగు ఎడమ పక్క ఉంటుంది కాబట్టి పక్క సీటు మనిషి కుడి పక్క కూర్చుంటాడు. బయల్దేరగానే మా ఆయన తన ఉద్యోగం తనే నిర్ణయించుకున్నారు. "కుడి పక్క నేను చూస్తా. ఎడమ నువ్వు చూసుకో. నేను రైట్ రైట్ అంటే పో, హోల్డాన్ అంటే ఆపు. ముప్పై ఏండ్లు కండక్టర్లు అంటా ఉంటే విన్నా. ఇప్పుడు నా వంతు."

నాకు నవ్వొచ్చింది గానీ ఏర్పాటు బాగానే అనిపించింది. ఎందుకంటే ఫ్రాన్సులో ఒక రూలుంది. బోర్డూ సిగ్నలూ లేని కూడలిలో కుడి పక్క నుంచి వచ్చేవాడికే ముందు దారి. వాడు సందులోంచి వస్తున్నా సరే, మనం పెద్ద రోడ్డు మీద ఉన్నామనుకుంటున్నా సరే, ఆగాల్సింది మనమే. రౌండబౌట్లో మాత్రం లోపల తిరుగుతున్నవాడిదే రాజ్యం. మన ఊళ్లో రూలు ఒక్కటే కదా, ఎవరి హారను గట్టిదైతే వాడిది. కాబట్టి కుడి పక్క ఒక జత కళ్లు ఎక్కువ ఉంటే మంచిదే అనుకున్నాను. ఆ కళ్ల సంగతి అప్పుడు నేను ఆలోచించలేదు. ఆరేళ్లయింది, చుక్కలు వేసుకుంటున్నారు, టెస్టులు చేయించుకుంటున్నారు, "ఏముంది, అట్లనే ఉండాది" అంటున్నారు. అది నాకు సరిపోయింది.

నీస్ ఊరి ముందు ప్రోమనాద్ దేజాంగ్లే అని సముద్రం వెంబడే మైళ్ల పొడవున రోడ్డు. ఇంగ్లీషువాళ్ల విహార బాట అని ఆ పేరుకు అర్థం. చలికాలం గడపడానికి వచ్చే ఇంగ్లీషు దొరలు 1820ల్లో తమ డబ్బుతో వేయించిన కాలిబాట అది. నీస్ అప్పటికి ఫ్రాన్సుది కాదు, 1860లో కలిసింది. ఒడ్డున ఇసుక లేదు, అన్నీ గుండ్రాళ్లే. మా ఆయన నీళ్లదాకా నడిచి వెళ్లి, కాసేపు చూసి, "ఇది సముద్రమా, చెరువా?" అన్నారు. మైపాడులో అలల దెబ్బలు తిన్నవాళ్లకు అట్లాగే అనిపిస్తుంది. జిబ్రాల్టర్ దగ్గర ఇరుకు సందొకటి తప్ప ఈ సముద్రానికి మహాసముద్రంతో పెద్దగా రాకపోకలు లేవు. అందుకే ఆటుపోట్లు దాదాపు కనపడవు.

పాత బజారులో సొక్క తిన్నాం. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె కలిపి, పెద్ద రాగి పళ్లెంలో పోసి, కట్టెల పొయ్యిలో పెట్టి కాలుస్తారు. పైన మిరియాల పొడి. మన శనగపిండి అట్టే! కాకపోతే పచ్చిమిరపకాయ, వాము లేవు. "వీళ్లకు మన ఊరి నుంచి ఒక కేజీ వాము పంపించల్ల" అని మా ఆయన తీర్మానం చేశారు.

నీస్ దాటాక అసలు ప్రయాణం. అక్కడి నుంచి ఇటలీ సరిహద్దులో ఉన్న మాంటన్ దాకా కొండ అంచున ఒకదానిపైన ఒకటిగా మూడు రోడ్లున్నాయి. కింది కార్నిష్, నడిమి కార్నిష్, పెద్ద కార్నిష్. పెద్దది నెపోలియన్ వేయించింది, పాత రోమన్ల దారి వెంబడే. మేం నడిమి దానిలో వెళ్లాం. కొండను తొలిచి వేసిన రోడ్డు, ఎడమ పక్క రాయి, కుడి పక్క పిట్టగోడ, గోడకవతల నాలుగు వందల మీటర్ల కింద నీలం సముద్రం. 1955లో హిచ్‌కాక్ తీసిన 'టు క్యాచ్ ఎ థీఫ్' సినిమాలో గ్రేస్ కెల్లీ కారు నడిపేది ఈ కొండల్లోనే. తర్వాత ఆవిడ మొనాకో యువరాణి అయింది. 1982 సెప్టెంబరులో ఈ కొండల్లోనే, వేరే రోడ్డు మీద, నడుపుతున్న కారు మలుపు తప్పి కిందికి పోయి, మరుసటి రోజు ఆస్పత్రిలో చనిపోయింది. పక్కన కూర్చున్న కూతురు బతికింది. ఈ కథ నేను బయల్దేరక ముందు చెప్పి ఉండాల్సింది కాదు. మా ఆయన మాంటన్ దాకా కాళ్లతో లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు.

నడుమ ఎజ్ అనే ఊరి దగ్గర ఆగాం. కొండ కొన మీద పిట్టగూడులా ఉంటుంది, లోపలికి కార్లు పోవు. రాతి సందుల్లో నడుస్తుంటే మా ఆయన భుజం ఒక గుమ్మం అంచుకు గట్టిగా తగిలింది. "రాళ్లు ముందుకొచ్చి ఉండాయి" అన్నారు. నేను ఫొటోలు తీసుకుంటున్నాను.

మాంటన్ చేరేసరికి సాయంత్రమైంది. అది నిమ్మకాయల ఊరు. ఫిబ్రవరిలో నిమ్మ పండగ చేస్తారు, మేం వెళ్లేసరికి అయిపోయింది. అయినా దుకాణాల ముందు గుట్టలు గుట్టలుగా నిమ్మకాయలే. బస చేసే ఇల్లు వెతుక్కుంటూ వెనక వీధుల్లోకి వెళ్లాం. ఒక చిన్న కూడలి, బోర్డు లేదు. నేను నిదానించాను. మా ఆయన కుడి పక్కకు చూశారు. చూశారు, నేను గమనించాను. "రైట్ రైట్" అన్నారు.

కదిలాను. బానెట్టు ముందు స్కూటరు!

బ్రేకు ఎట్లా తొక్కానో తెలియదు. స్కూటరు అబ్బాయి ఒక కాలు నేల మీద పెట్టి ఆగిపోయాడు. జానెడు దూరం. హెల్మెట్టు అద్దం పైకెత్తి ఏదో అన్నాడు, భాష రాకపోయినా అర్థమైంది. వెళ్లిపోయాడు. నా చేతులు స్టీరింగు మీదే వణుకుతున్నాయి.

"వాడు స్పీడుగా వచ్చినాడు" అన్నారు మా ఆయన.

వాడు స్పీడుగా రాలేదు. సైకిలంత వేగంతో వచ్చాడు. ఈయన తిరిగి చూసిన పక్క నుంచే వచ్చాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఎజ్‌లో గుమ్మం. అమ్మాయి వాళ్లింట్లో గ్లాసు పక్కన పోసిన నీళ్లు. విమానాశ్రయంలో పక్కనే నిలబడి చెయ్యి చాపిన అల్లుణ్ని దాటుకుని వెళ్లిపోవడం, మేమంతా పరధ్యానం అని నవ్వడం. తిరుపతిలో పక్కింటి పిల్లాడు "తాతా క్యాచ్" అని విసిరిన బంతి చెవి దగ్గర తగలడం. ఇవన్నీ నా కళ్ల ముందే జరిగాయి. నాకు రెండు కళ్లూ బాగున్నాయి.

పొద్దున లేచి ఆ ఇంటి చిన్న వంటగదిలో మాంటన్ నిమ్మకాయలతో చిత్రాన్నం కలిపాను. మీరు పులిహోర అంటారేమో, మాకు చిత్రాన్నమే. చెప్పుకోవాలంటే, ఆ నిమ్మకాయకు పేరెక్కువ, పులుపు తక్కువ. రెండు కాయలు సరిపోవాల్సిన చోట అయిదు పిండాను. తిరగమోత సామాను అమ్మాయి డబ్బాలో పెట్టి ఇచ్చింది. డబ్బా మూత పెట్టి, కారెక్కి, బెల్టు పెట్టుకుని, ఆయన వైపు చూడకుండా ఒక మాట అన్నాను. "ఈరోజు మీరేం చెప్పొద్దులెండి. ఊరికే కూర్చోండి."

ఆయన ఏమీ అనలేదు. అద్దం వైపు తిరిగి కూర్చున్నారు.

ఆ రోజు హైవే మీద వెళ్లాం, కాన్ దాకా అరవై కిలోమీటర్లకు పైన. మాంటన్ నుంచి నీస్ దాకా ఆ హైవే అంతా సొరంగాలే, ఒకటి దాటితే ఇంకొకటి. ఎండలోంచి చీకట్లోకి, చీకట్లోంచి ఎండలోకి. సొరంగంలోకి దూరిన ప్రతిసారీ ఆయన చెయ్యి పైన ఉన్న పట్టీని పట్టుకోవడం చూశాను. వెలుగు మారినప్పుడు సర్దుకోవడం గ్లకోమా కళ్లకు కష్టమని డాక్టరు ఎప్పుడో చెప్పారు. నేనూ ఉన్నానప్పుడు ఆ గదిలో. విన్నాను, మరిచిపోయాను. టోలు గేట్లో మిషను నా పక్కనే ఉంది, చిల్లర నేనే వేశాను. ఆయన చేతిలో అప్పటికే లెక్కపెట్టి ఉంచుకున్న నాణేలున్నాయి. జేబులో వేసుకున్నారు.

కాన్ రేవులో కారు పెట్టి పడవెక్కాం. కాలుగంట ప్రయాణంలో సెయింట్ మార్గరీట్ దీవి. పొడవు మూడు కిలోమీటర్లు, వెడల్పు కిలోమీటరు కూడా లేదు. నడకే, మనలాంటివాళ్లకు కారు లేదు, బండి లేదు. దిగగానే నాకు బరువు దిగినట్టయింది. ఈ నేల మీద ఎవరూ డ్రైవరు కాదు, ఎవరూ కండక్టరు కాదు.

కొండమీద కోట ఉంది. దానికి పేరొచ్చింది ఒక్క ఖైదీ వల్ల. 1687 నుంచి 1698 దాకా పదకొండేళ్లు ఇక్కడ ఒక మనిషిని ముఖం కనపడకుండా ఉంచారు. ఇనుప ముసుగు మనిషి అని లోకానికి తెలుసు. ఇనుము అన్నది మొదట వోల్టేరు చెప్పిన మాట, డ్యూమా నవల దాన్ని ఊరూరా తిప్పింది. తర్వాత ఆ ఖైదీని పారిస్‌లో బాస్టీల్ జైలుకు మార్చారు. అక్కడి అధికారి తన డైరీలో రాసుకున్నది మాత్రం నల్ల వెల్వెట్ గుడ్డ ముసుగు అనే. 1703లో చనిపోయాడు. ఎవరన్నది ఇంకా వాదనే. రాజుగారి అన్న అన్నారు, తమ్ముడన్నారు. యూస్టాష్ డోజే అనే ఒక నౌకరు అని ఎక్కువమంది చరిత్రకారులు ఇప్పుడు అనుకుంటున్నారు. ఏం చూడకూడనిది చూశాడో పాపం.

అదే వరసలో మిగతా గదుల్లో ప్రొటెస్టెంట్ పాస్టర్లను పెట్టారు. 1840ల్లో అల్జీరియా నుంచి పట్టుకొచ్చిన అబ్దుల్ ఖాదర్ మనుషుల్ని, ఆడవాళ్లనూ పిల్లల్నీ కూడా, ఇక్కడే ఉంచారు. వాళ్లలో చనిపోయినవాళ్ల సమాధులు చెట్ల మధ్య ఉన్నాయి, పేర్లు లేని రాళ్ల వరుసలు. ఒక్కడు మాత్రం తప్పించుకున్నాడు. బజేన్ అనే సైన్యాధిపతి, 1874లో. పెద్దవాళ్లకు ఎక్కడైనా దారి దొరుకుతుంది.

ముసుగు మనిషి గది పెద్దదే. మందమైన గోడ, దానికి ఒక కిటికీ, ఆ కిటికీకి ఒకదాని వెనక ఒకటి మూడు వరసల ఇనుప చట్రాలు. వాటి సందుల్లోంచి సముద్రం ముక్కలు ముక్కలుగా కనపడుతుంది. మా ఆయన ఆ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. పడవలు చూస్తున్నారేమో అనుకున్నాను.

కోట దిగి దక్షిణం వైపు నడిచాం. దీవినిండా పైన్ చెట్లు, మధ్యలో ఒక పొడవాటి దారికి రెండు పక్కలా జామాయిల్ చెట్లు. అదే వాసన! మన తోటల పక్క నుంచి బస్సు పోతున్నప్పుడు కొట్టే వాసన. అవతలి ఒడ్డు చేరితే ఎదురుగా ఇంకో చిన్న దీవి కనపడుతుంది, సెయింట్ హోనొరా. అక్కడ అయిదో శతాబ్దం మొదట్లోనే మఠం పెట్టారు. ఇప్పటికీ సన్యాసులున్నారు, ద్రాక్షతోటలు పెంచి వైను చేసి అమ్ముతారు. వాళ్ల కోట బురుజు నీళ్లకవతల కనపడుతూ ఉంది. అక్కడ ఒక బండ మీద కూర్చుని చిత్రాన్నం డబ్బా విప్పాను.

రెండు ముద్దలు తిన్నాక ఆయన అన్నారు. "ఆ స్కూటరు లేదు మే."

"ఏంది?"

"నేను చూసినా. రోడ్డు కనపడింది, గోడ కనపడింది, స్కూటరు లేదు. నిజంగానే లేదు. మళ్ల ఉండాది."

అప్పుడు చెప్పుకొచ్చారు. పక్క చూపు పోతే అక్కడ నల్లగా ఉంటుందని మనం అనుకుంటాం. నల్లగా ఉండదట. పోయిన చోట చుట్టూ ఉన్నదాన్నే మెదడు పూసేస్తుంది, గోడకు సున్నం వేసినట్టు. అందుకే లేదని కూడా తెలియదు. "నల్లగా ఉంటే తెలిసేది కదా, తిరిగి చూసుకుందును" అన్నారు.

ఆరు నెలల కిందట నేను మా తమ్ముడి ఊరికి వెళ్లినప్పుడు ఆయన ఒక్కరే ఫీల్డ్ టెస్టుకు వెళ్లారు. తెల్లటి గిన్నె లాంటి మిషన్లో గడ్డం ఆనించి, నడుమ చుక్కనే చూస్తూ, చుట్టుపక్కల ఎక్కడ లైటు మెరిసినా చేతిలో బటను నొక్కాలి. "లైట్లు ఎంతసేపటికీ రాలేదు. వస్తా ఉండాయేమో, నాకే కనపడలేదేమో అనిపించింది. ఊరికే ఉంటే ఫెయిలవుతానని మధ్య మధ్యలో నొక్కినా." మిషనుకు ఆ దొంగ నొక్కుడు తెలిసిపోతుంది, అది కూడా లెక్కేస్తుంది. డాక్టరు మళ్లీ చేయించారు. కుడి కన్ను ముందుకన్నా బాగా తగ్గిందని, మందు మార్చాలని, అవసరమైతే ఆపరేషన్ గురించి ఆలోచించాలని రాసిచ్చారు. ఆ కాగితం బీరువాలో, సర్వీసు రిజిస్టరు కింద ఉందట. "రాత్రి చుక్కలు కూడా కొన్నిరోజులు మానేసినా. వేసినా తగ్గతానే ఉండాదని."

నాకు కోపం ఆగలేదు. ఆ దీవిలో ఆ మధ్యాహ్నం గట్టిగా మాట్లాడింది నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆ పిల్లాడు చచ్చిపోయి ఉంటే? నాకు ఒక్క మాట చెప్తే ఏం పోయేది? ఇన్నేళ్లు కాపురం చేసింది కాగితాలు దాచుకోవడానికా? అన్నీ అన్నాను.

అన్నీ విన్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "బస్సు పాయ. కారు పాయ. నీ పక్కన కూర్చుని చెప్పడమే మిగిలింది. అది గూడా పోతే నాకేం పని?"

ఇక్కడ నా తప్పు కూడా రాయాలి. రాయకపోతే ఈ కాలమ్ మొత్తం ఆయన మీద ఫిర్యాదవుతుంది. స్టీరింగు నా చేతికి వచ్చినప్పుడు నేను ఏడ్చానని చెప్పాను కదా, ఆ తర్వాత సంగతి చెప్పలేదు. నాకది బాగా నచ్చింది. ముప్పై ఏళ్లు ఎవరైనా తీసుకెళ్తేనే ఎక్కడికైనా వెళ్లినదాన్ని, తాళం తిప్పి నేనే వెళ్లిపోవడం. ఆ సంబరంలో, "టెస్టు ఏమైంది?" అని అడిగి, "అట్లనే ఉండాది" అంటే, "కాగితం చూపించండి" అనలేదు. పిల్లల మార్కుల కార్డు చూడకుండా ఒక్కరోజూ సంతకం పెట్టని టీచరమ్మను నేను.

పడవ టైముకు వెనక్కి నడిచాం. దారిలో వేర్లు పైకి లేచి ఉన్నాయి. ఎప్పుడూ నేను ఆయనకు ఎడమ పక్క నడుస్తాను, అలవాటు. ఆ రోజు కుడి పక్కకు మారాను. ఆయన ఏమీ అనలేదు. కాసేపయ్యాక నా మోచెయ్యి పట్టుకున్నారు. పెళ్లయ్యాక బయట నడుస్తూ చెయ్యి పట్టుకోవడం, తిరుమలలో రథసప్తమి రద్దీలో తప్ప, నాకు గుర్తులేదు.

మూడో రోజు ఎస్టెరెల్ కొండల వెంబడి వెళ్లాం. బంగారు కార్నిష్ అని ఆ రోడ్డుకు పేరు. 1903లో ఫ్రాన్సు టూరింగ్ క్లబ్బు పూనుకుని తెరిపించిన రోడ్డు. ఎర్రటి రాళ్లు, కింద నీలం నీళ్లు, రోడ్డు పక్కన పసుపు పూల చెట్లు. మిమోజా అని అక్కడివాళ్లు మురిసిపోతారు, ఆస్ట్రేలియా నుంచి తెచ్చి పెంచుకున్నారు. దగ్గరికెళ్లి చూస్తే మన తుమ్మ జాతే. పూలు అప్పటికే వాడిపోతున్నాయి. ఆ రాళ్ల రంగు చూసి, "మన మొదటి ఘాట్ మాదిరి ఉండాది, మోకాళ్ల మిట్ట దగ్గర" అన్నారు మా ఆయన. ఎన్ని వేలసార్లు దిగారో ఆ ఘాట్.

ఉద్యోగాలు మళ్లీ పంచుకున్నాం. రెండు పక్కలా చూడటం నా పని. నేరు చూపు ఆయనకు నాకంటే బాగుంది కాబట్టి దూరం బోర్డులు చదవడం, మ్యాపు, టోలు చిల్లర, "మలుపుకు ముందే తగ్గించల్ల" ఆయన పని. చూపు తక్కువైన పక్కకు కళ్లు కాదు, మెడ మొత్తం తిప్పి చూడాలని డాక్టరు చెప్పారట, అది కూడా అప్పుడే బయటికొచ్చింది. ఒక కూడలిలో నేను రెండు పక్కలా చూసుకుని, అయినా ఆగాను. ఆయన సీట్లో పూర్తిగా తిరిగి, కుడి పక్కకు చూశారు, మళ్లీ చూశారు. మా వెనక కారువాడు హారను కొట్టాడు. ఫ్రాన్సులో నేను విన్న మొదటి హారను అదే. "కొట్టుకోనీ" అన్నారు. ఇంకోసారి చూసి, "రైట్ రైట్" అన్నారు.

రాత్రి ఆంటిబ్‌లో అమ్మాయికి అంతా చెప్పాం. ఏడ్చింది, నాన్నను తిట్టింది, నన్ను తిట్టింది. తిరుపతి ఆస్పత్రికి అప్పుడే మెసేజి పెట్టి మేం దిగిన మూడో రోజుకు అపాయింట్‌మెంటు తీసుకుంది. అప్పుడు నేనన్నాను, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువట, నువ్వు కూడా చూపించుకోవాలే అని.

"నాకన్నీ బాగానే కనపడుతున్నాయి కదమ్మా" అంది.

"నాకూ అన్నీ బాగనే కనపడతా ఉండె" అన్నారు వాళ్ల నాన్న, చపాతీ తుంచుతూ.

అది ఇంకేం మాట్లాడకుండా లాప్‌టాప్ తెరిచింది. అక్కడ కంటి డాక్టరు దొరకడం తిరుపతిలో దొరికినంత తేలిక కాదు. జూన్‌లో ఒక తేదీ ఖాళీ ఉంది. తీసుకుంది.